మెస్సు గదిలో కోదండం బూరా

ఖిదిర్‌పూర్‌లో మా కలకత్తా రేవు క్వార్టర్ల వెనకాల మూతపడ్డ మెస్సు గది ఒకటుంది. దీపాలు పెట్టేక అటు మొహం పెట్టి ఎవరూ నడవరు. లోపల ఏదో మూలుగుతోందని మొదట చెప్పింది మా పక్కింటి సన్యాసమ్మ మామ్మే. గుమ్మానికి వేపమండలు కట్టిందీ ఆవిడే. ఓడల్లో సరుకు దింపే మా ఆయన కూడా చుట్టూ తిరిగే ఇంటికొస్తాడు. మళ్ళీ ఆ మొహానికి మీసమొకటి!

ఇది మామ్మ మొగుడు కోదండం తాత నాకు చెప్పిన సంగతి. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

తాత రేవులో క్రేను నడిపేవాడు. సాయంత్రాలు హోటళ్ళలో సాక్సోఫోన్ వాయించేవాడు. జాజ్ అంట. నలభై ఏళ్ళ కిందట సొంతంగా ఓ ఎల్పీ రికార్డు వేయించాడు. రెండొందల కాపీలు. అట్ట మీద కళ్ళు మూసుకుని బూరా ఊదుతున్న తాత! ఒక్కటీ అమ్ముడుపోలేదు. "ఈనలేక గేదె మూలిగినట్టున్నాది" అని మామ్మ అన్నీ గంగలో పడేసింది.

మొన్నామధ్య భవానీపూర్ నుంచి ఓ బెంగాలీ బాబు వచ్చాడు. పాత రికార్డులు పోగేస్తాడట, తాత రికార్డు పేరు ఏదో పాత జాబితాలో చూశాడట. "కోదండం దాదా, ఒక్క కాపీ అయినా లేదా? పదేళ్ళుగా వెతుకుతున్నాను" అని బతిమాలాడు. అప్పట్నుంచీ తాతకి ఒకటే బెంగ. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది పోతోంది. ఆ కాస్తా పోయేలోగా తన వాయింపు తను ఒక్కసారి వినాలి.

ఓ సాయంత్రం కరెంటు పోయింది. టీవీలు, ఫ్యాన్లు ఆగిపోయి వాడంతా నిశ్శబ్దం... మామ్మ ఇంట్లో లేదు. బీడీలకి బయల్దేరిన తాత చీకట్లో దారి తప్పి మెస్సు పక్కకి వచ్చాడు.

మూలుగు...

ఆగాడు. కుడి చెవి అటు తిప్పాడు.

మూలుగు కాదు — సాక్సోఫోన్! అది తన వాయింపే. అప్పట్లో ఊపిరి చాలక తడబడ్డ చోట... సరిగ్గా అలాగే తడబడింది.

"అయితే నాను సచ్చిపోనానా?" అనుకున్నాడట. తొడ గిల్లుకున్నాడు. నొప్పెట్టింది. చచ్చినవాళ్ళకి నొప్పి ఉంటుందో లేదో తెలీక మళ్ళీ గిల్లుకున్నాడు.

తలుపు తోశాడు. కిర్ర్...

కొవ్వొత్తి వెలుగులో, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి — తలూపుతోంది!

"ఓలమ్మో, దెయ్యం!"

కేకేసింది తాత కాదు, ఆ ఆడమనిషే. సన్యాసమ్మ మామ్మ! ముందు బ్యాటరీతో తిరిగే రికార్డు ప్లేయరు, ఒళ్ళో తాత బొమ్మున్న అట్ట.

"ఒలే... గంగలో పడీసేనన్నావు గదే?" అన్నాడు తాత గుసగుసగా.

"నూట తొంభై తొమ్మిది పడీసేను."

"గేదె మూలిగినట్టున్నాదన్నావు?"

"బాగుందంటే ఇంకోటి ఏయించీవోడివి కాదూ? పిల్లలకి కూడెవుడెడతాడు?" అంటూ మామ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

తాత అక్కడే కూలబడ్డాడు. ఏడుపు ఆగలేదట. కుడి చెవి ప్లేయరుకి ఆనించి చివరిదాకా విన్నాడు.

"ఇప్పుడు సెప్పు. బాగుందా?"

మామ్మ రికార్డు తిరగేసింది.

"ఉండయ్యా, రెండో వైపు ఇంకా బాగుంటాది."

మెస్సులో ఇప్పుడు దెయ్యాలు రెండయ్యాయని వాడంతా చెప్పుకుంటోంది. మామ్మే చెప్పిందట. నిన్న బెంగాలీ బాబు మళ్ళీ వచ్చి అడిగాడు.

"గంగలో పడీసేను, పోయి ఎతుక్కో" అంది మామ్మ.

"అవును బాబూ, అన్నీ పడీసింది" అన్నాడు తాత.