ఎనిమిది సార్లు వాడిన నల్లపొడి

"ఇందులో పొడి ఏదండీ?"

జుట్టు మీద వాన చినుకులు ఇంకా ఆరనేలేదు. గుమ్మంలోనే నిలబడి, ఫ్లాస్కుని వెలుతురుకి పట్టి చూస్తోందామె.

ల్యాబులకి గాజుసామాను అతికే అతన్ని అందరూ గాజు మాస్టారంటారు. అంటారే గానీ, నిండా ముప్ఫై లేవు. మంట తగ్గించి గర్వంగా నవ్వాడు.

"మసి పట్టి ఉంటే తోమేశానండీ. మురికి గాజు మంటలో పెడితే ఇంకో పగులొస్తుంది. ఇప్పుడు చూడండి, ఎలా మెరుస్తోందో!"

"మసి కాదు మహానుభావా! అది నా రెండేళ్ల చాకిరీ!"

అతని నవ్వు ఆరిపోయింది. ఆమె స్టూలు మీద కూలబడింది. మూతి పగిలిన ఫ్లాస్కుని, పొడి ఆరాక తీసుకుందామని కిటికీలో పెట్టి భోజనానికి వెళితే, అటెండరు రిపేరు బుట్టలో వేసుకొచ్చేశాడట.

"నికెల్ పట్టించిన బొగ్గుపొడండీ అది. ఎనిమిది సార్లు వాడాను. పదిసార్లూ పనిచేస్తేనే ఫ్యాక్టరీవాళ్లు తమ మురుగునీళ్లకి వాడి చూస్తామన్నారు. శుక్రవారం గడువు. ఇక నా పని అటకెక్కినట్టే."

కళ్లు తుడుచుకుంటున్న ఆమెను చూసి అతని గుండె నీరైపోయింది.

"కడిగిన నీళ్లు పారబొయ్యలేదండీ. ల్యాబు సామాను నీళ్లు కాలవలో కలపకూడదుగా. అదిగో, బకెట్‌లో ఉన్నాయి."

"నికెల్‌ని అయస్కాంతం లాగేస్తుంది!" ఆమె ఒక్క ఉదుటున లేచింది. కోటు జేబులోంచి అయస్కాంతం తీసి, ప్లాస్టిక్ కవరు చుట్టి నీళ్లలో ముంచింది. ఇద్దరూ వంగారు. తలలు ఠంగుమన్నాయి.

"అబ్బా! ఇక నా తలా పగలగొడతారా?"

"పగిలితే అతుకుతానండీ."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. నల్లపొడి కాటుకలా వచ్చి కవరుకి అంటుకుంది. బయట వాన, లోపల ఆ బకెట్. ఎంతసేపు కూర్చున్నారో ఇద్దరికీ తెలీదు.

మర్నాడు తూకం వేస్తే వందలో తొంభై ఆరు పాళ్లు దక్కాయి.

"మిగతా నాలుగూ?"

"గాజు మాస్టారి అతిశుభ్రం వల్ల పోయాయని రిపోర్టులో రాస్తాను."

తొమ్మిదోసారి పొడి పనిచేసింది. శుక్రవారం పొద్దున్న, పదోసారికి, పిలవకుండానే అతను ఆమె ల్యాబుకొచ్చి నిలబడ్డాడు. ఫ్లాస్కులో పసుప్పచ్చగా నిగనిగలాడే నీళ్లు.

"అందంగా ఉన్నాయే!"

"విషమండీ. ఆ విషాన్నే ఈ పొడి మందుబిళ్లల తయారీకి పనికొచ్చే సరుకుగా మార్చేస్తుంది. తను మాత్రం మారదు. ఆరు నిమిషాల్లో ఈ పసుపు పోవాలి."

పొడి వేసింది. రెండు నిమిషాలు. నాలుగు. రంగు పలచబడుతోంది. ఊపిరి బిగబట్టి ఆమె ఫ్లాస్కుని చూస్తోంది, అతను ఆమెను చూస్తున్నాడు. అయిదు నిమిషాల నలభై సెకన్లకి నీళ్లు తేటగా మిలమిల్లాడాయి.

ఆమె ఎగిరి గంతేసి అతని చెయ్యి పట్టేసుకుంది. పట్టుకున్నాక సిగ్గు ముంచుకొచ్చింది గానీ వదల్లేదు.

"మా అమ్మకి మీ గురించి చెప్పానండీ," అన్నాడతను, నేల చూపులు చూస్తూ.

"ఏమని?"

"నా వల్ల ఒకమ్మాయి ఏడ్చిందని. రెండు తిట్లు తిట్టి, 'ఆ పిల్లని ఇంటికి తీసుకురా, నేను చూడాలి' అంది."

"క్షమాపణ చెప్పడానికా?"

"కాదండీ," గొంతు సవరించుకున్నాడు. "కోడల్ని చూసుకోవడానికి. మీకిష్టమైతేనే."

ఆమె కోటు విప్పి వంకీకి తగిలించి, "ఇప్పుడే వెళ్దామా?" అంది.