నలుగురు మోసిన మంచం

"పడవనా?" అంది తబస్సుం, నా ఫోన్‌లో బొమ్మ చూసి. "మా గల్లీకి పడవ వచ్చిందని ఎవరు చెప్పిన్రు మీకు?"

వారం రోజులు కూర్చుని గీసిన డిజైన్ అది. నాకు ఒళ్ళు మండింది. "వరద గుర్తుకు శిల్పం కావాలన్నరు. వరదంటే పడవే కద మేడమ్."

"టీవీల వచ్చే వరదకు పడవ ఉంటది. మా వరదకు లేదు."

సారపాకలో గోదారి వైపు పల్లంలో ఉన్న కాలనీ వాళ్ళది. ఆటోలు ఆగే మూలన ఖాళీ జాగాలో వెదురు శిల్పం ఒకటి పెట్టించాలని కాలనీ కమిటీ తీర్మానం చేసింది. ఎండాకాలమంతా ఉండాలి. గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే తీసేయాలి. ఆ పని చేయించే బాధ్యత స్కూల్లో డ్రాయింగ్ టీచరైన తబస్సుంది. చేసేవాణ్ణి నేను, ఖాలిద్. భద్రాచలంలో పెళ్ళి మండపాలకూ హోటళ్ళకూ వెదురు పని చేస్తాను. విజిటింగ్ కార్డు మీద ఆర్టిస్టునని వేయించుకున్నాను కూడా.

"మరి ఏమొచ్చింది మీ గల్లీకి?" అన్నాను వెటకారంగా.

"మంచం," అంది.

నడుం విరిగి లేవలేని వాళ్ళ నానమ్మను, దాదీని, కాలనీ మునిగిన ఆ ఏటి వరదలో నలుగురు మనుషులు మంచంతో సహా పైకెత్తి, మెడలోతు నీళ్ళలో మెయిన్ రోడ్డు దాకా మోశారట. ముందు నడిచింది పక్కింటి పిచ్చయ్య. దాదీ బతికింది. బురదనీళ్ళు మింగిన పిచ్చయ్య జ్వరమొచ్చి ఎనిమిదో రోజు పోయాడు.

చెబుతూ చెబుతూ చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుని, "ఏడుస్తలేను, దుమ్ము పడ్డది," అంది కోపంగా. అంతే, నా పని అయిపోయింది. పడవను అక్కడికక్కడే డిలీట్ చేశాను.

పని మూడు వారాలు పట్టింది. ఆమె రోజూ సాయంత్రం వచ్చి వంకలు పెట్టేది.

"ఖాలిద్ భాయ్, ఈ కాలు వంకరున్నది."

"నీళ్ళల్ల నిలబడ్డ మనిషి కాలు, వంకరనే ఉంటది. ఇంకోటి, భాయ్ అనొద్దు."

"ఎందుకు?"

"ఊకెనే."

నవ్వు దాచుకోవడానికి అటు తిరిగేది. ఒకరోజు మాత్రం నవ్వలేదు. "నీళ్ళు రాకముందే మధిర పోతున్నం. ఆడ మా చాచా దుకాణమున్నది," అంది. "ఈడ మళ్ళ వరదొస్తే దాదీని ఎవరు మోస్తరు?"

నేను మోస్తానని అనాలి. నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది. వెదురు చీలుస్తూ కూర్చున్నాను, దద్దమ్మలా.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, కాలనీ అంతా చూస్తుండగా శిల్పం మీద గుడ్డ తీశాం. నలుగురు మనుషుల్లా, చేతులెత్తిన మనిషంత ఎత్తున నాలుగు పచ్చి బొంగులు, వాటి మీద అడ్డబద్దలు కట్టిన మంచం. చప్పట్ల కోసం చూశాను. ఒక్కరూ కొట్టలేదు.

పిచ్చయ్య భార్య సుశీలమ్మ ముందుకొచ్చింది. మంచాన్ని చూసి, నన్ను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పాడె కట్టినవా బిడ్డా? మా ఆయన పేరు మీద నడిబజార్ల పాడె కట్టినవా?"

మాలో శవాన్ని మోయడానికి మసీదు నుంచి ఇనుప డోలా వస్తుంది. హిందువులు పాడె పచ్చి వెదురుతో కడతారని తెలియక కాదు, ఎన్నో చూశాను. కానీ ఆ మూడు వారాల్లో నాకు గానీ తబస్సుంకు గానీ ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. మా కళ్ళకు అది దాదీ మంచమే.

"పొద్దుగాల తీసెయ్యాలె," అన్నాడు కమిటీ ప్రెసిడెంటు.

తబస్సుం నా వైపు తిరిగింది. "నేనే చెయ్యమన్న. ఆమెను నేనే ఏడిపించిన. ఇగ మీరు నాతోని మాట్లాడకున్రి," అని ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

తెల్లారి సుశీలమ్మ గడప ముందు నిలబడ్డాను. "తప్పైంది అమ్మా. తీసేస్తున్న."

ఆమె గడప మీద కూలబడింది. తర్వాత మెల్లగా అంది. "ఆయన పోయిన్నాడు పాడె మొయ్యనీకి మనుషులు దొరకలే. ఎవరింట్ల బురద వాళ్ళు ఎత్తుకుంటున్నరు. తబస్సుం వాళ్ళ నాయన సత్తార్ భాయ్ వచ్చి భుజం పట్టిండు." కళ్ళు తుడుచుకుంది. "తియ్యకు. మంచమంటే నులకుండాలె గద? అల్లకుంట వదిలేస్తే పాడె గాక ఏమైతది?"

లోపలికెళ్ళి నులక చుట్ట పట్టుకొచ్చింది. ఆమెను చూసి కమిటీ వాళ్ళు వెనక్కి తగ్గారు.

మంచం కిందికి దించి, అడ్డబద్దలు ఊడదీసి ఇచ్చాను. ఆమె అల్లుతుంటే తబస్సుం తలొంచుకుని వచ్చి రెండో వైపు కూర్చుంది. మబ్బు పట్టి సన్నగా చినుకులు మొదలయ్యాయి. నులక లాగుతుంటే మా ఇద్దరి చేతులూ తగిలాయి.

"దాదీని నేను మోస్త," అన్నాను. ఇన్నాళ్ళూ అననందుకు నా మీద నాకే కోపం.

"ఒక్కనివే మోస్తవా? నలుగురు కావాలె." నన్ను నువ్వు అనడం అదే మొదలు. కళ్ళు మాత్రం ఎత్తలేదు. "అబ్బా మధిరల ఇల్లు మాట్లాడేసిండు. పోవుడు ఆగదు ఖాలిద్."

సుశీలమ్మ వినీ విననట్టు నులక బిగించింది. సాయంత్రానికి మంచం మళ్ళీ బొంగుల మీదికెక్కింది.

జులైలో మొదటి హెచ్చరిక రానే వచ్చింది. తబస్సుం వాళ్ళ సామాను డీసీఎం లారీ ఎక్కింది. దాదీని ముందు సీట్లో పడుకోబెట్టినట్టు కూర్చోబెట్టారు, పక్కన తబస్సుం. అది చూస్తూ శిల్పం విప్పడం నా వల్ల కాలేదు, అయినా విప్పాను.

మంచాన్ని తన డాబా మీద పెట్టమంది సుశీలమ్మ. మోయడానికి నేనూ, నా పనివాళ్ళు ఇద్దరూ. నాలుగో మనిషి లేక వానలో నిలబడిపోయాం. అప్పుడు తబస్సుం నాయన అబ్దుల్ సత్తార్ సాబ్ బండి దగ్గర్నుంచి వచ్చి, నా పక్క కొస భుజానికెత్తుకున్నాడు. మూడు నెలల్లో నాతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి.

పది అడుగులు వేశాక, ముందుకే చూస్తూ అన్నాడు. "సుశీలమ్మ అంత చెప్పింది నాకు."

నా కాలు బురదలో జారింది.

"అరే, మెల్లగ! పిల్లనియ్యకముందే పడతవా ఏంది?"

మంచం కొస గట్టిగా పట్టుకున్నాను. "తబస్సుం ఏమన్నది?"

"దాన్నే చూడు."

భుజం మీద మంచంతో తల తిప్పడం కష్టమే, అయినా తిప్పాను. డీసీఎం అద్దంలోంచి చూస్తూ తబస్సుం ఏడుస్తోంది. ఏడుస్తూనే, అవ్ అన్నట్టు తలూపింది.

"ఫోన్లల్ల మాట్లాడుడు నడవది. మీ అమ్మీ అబ్బాను తోల్కొని మధిరకు రా," అన్నాడాయన. "ఇప్పుడైతే జల్దీ నడువ్. నీళ్ళు ఆగయి."