అరగంటలో లండన్

కొండాపూర్‌లోని డిటెక్టివ్ ఎస్తేరు ఆఫీసులోకి తలుపు కూడా తట్టకుండా వచ్చి, స్టీలు టిఫిన్ డబ్బాను బల్లమీద ఠంగుమని పెట్టింది ఎవాంజెలిన్.

“నేను దొంగనంట మేడమ్! కంపెనీ గేటు కాడ అందరి ముంగట గీ డబ్బా గూడ తెరిపిచ్చిన్రు.”

ఆమె హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. లండన్ కస్టమర్‌కి చేరాల్సిన ప్రోగ్రాముల టేపును పెట్టెలో సర్ది ఇచ్చింది ఆమే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పని ముగించుకుని దాన్ని లండన్‌కు తీసుకెళ్లింది టీమ్ లీడర్ ఆకాష్. అక్కడ కస్టమర్ తెరిస్తే పెట్టె ఖాళీ. సాయంత్రంలోగా నేరం ఒప్పుకుని సంతకం పెట్టకపోతే పోలీసులకు అప్పగిస్తామన్నారట.

ఎస్తేరు ముఖం ఎర్రబడింది. ఆమెకు కోపమొస్తే ఇక కేసు గెలిచినట్టేనని సహాయకుడు ఎల్లయ్య నమ్మకం. రిటైరైన ఆ కానిస్టేబుల్ వెంటనే స్కూటర్ తీశాడు.

ఎవాంజెలిన్‌తో కలిసి వాళ్లు వెళ్లేసరికి, కంపెనీ ఎండీ సుబ్బరాయుడు గదిలో ఆకాష్ కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. విమానాశ్రయం నుంచి నేరుగా వచ్చాడు, సూట్‌కేసు పక్కనే ఉంది.

“పెట్టె దారిలో ఎవరైనా తెరిచారేమో?” అంది ఎస్తేరు.

“ఛాన్సే లేదు మేడమ్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎనిమిదిన్నరకి ఎక్కాను, తొమ్మిదింటికల్లా లండన్‌లో దిగాను. అరగంట! టీ తాగే టైం కూడా లేదు. పెట్టె నా ఒళ్లోనే ఉంది.”

“పాస్‌పోర్ట్ ఇవ్వండి.”

ఆకాష్ చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగిపోయింది. ఎల్లయ్యే తీసి పేజీలు తిరగేశాడు.

“లండన్ ముద్ర లేదు మేడమ్!”

“ఎలా ఉంటుంది?” ఎస్తేరు గొంతు పెరిగింది. “మనకు బొంబాయి ఎంత దూరమో ఫ్రాంక్‌ఫర్ట్‌కి లండన్ ఇంచుమించు అంతే. విమానంలో గంటన్నర పడుతుంది. లండన్ గడియారం గంట వెనక నడుస్తుంది కాబట్టి కాగితం మీద అరగంటలా కనిపిస్తుంది. మన దేశమంతా ఒకటే టైం, యూరప్ కూడా అంతేననుకున్నావు. నువ్వు విమానమెక్కలేదు, టైంటేబుల్ చదివావు. నువ్వు వెళ్లకుండానే పెట్టె చేరిందంటే, ఖాళీది కొరియర్‌లో పంపి, పాపం ఈ అమ్మాయి నెత్తిన రుద్దావు. సిగ్గులేదూ? టేపు ఎక్కడ?”

ఆకాష్ తల వాలిపోయింది. “అక్కడ వేరే కంపెనీతో మాట్లాడాను. బేరం కుదరలేదు. సూట్‌కేసులోనే ఉంది.”

సుబ్బరాయుడు గబగబా లేచి తలుపు మూశాడు. “ఇక్కడే తెరిచేద్దామండి. కంపెనీ పరువు... నలుగురికీ తెలిస్తే బాగుండదు. ఏమ్మా, నువ్వు రేపట్నుంచి డ్యూటీకి వచ్చెయ్.”

ఎవాంజెలిన్ లేచి, ఆయన మూసిన తలుపు బార్లా తెరిచింది.

“నా టిఫిన్ డబ్బా గేటు కాడ తెరిచిన్రు సార్. గా సూట్‌కేసు గూడ గాన్నే తెరవాలె. మీ చేత్తోనే.”

ఎల్లయ్య సూట్‌కేసు భుజానికెత్తుకుని, అందరికంటే ముందు గేటువైపు నడిచాడు.