డ్రమ్స్ లేని రెండో ఆల్బమ్

"వన్, టూ అనండి. మామూలు గొంతుతో. మైకు ముందే భయపడి ఉంది."

అద్దం అవతల కూర్చున్న అతను చటుక్కున తలెత్తాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ గొంతు హెడ్‌ఫోన్స్‌లో వినపడేసరికి, పాపం, వన్ తర్వాత ఏ అంకె వస్తుందో మరిచిపోయాడు.

"వన్..." అని ఊరుకున్నాడు.

"టూ," అని ఆమే అందించింది.

ఆమె ఆ రేడియో స్టేషన్‌లో సౌండ్ ఇంజనీరు. అతను ఊరంతా గోడల మీద పోస్టర్లలో కనిపించే హార్డ్ రాక్ బ్యాండుకి గాయకుడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ బస్సుల్లో, జిమ్ముల్లో, హాస్టల్ గదుల్లో రెండేళ్ళుగా మోగుతూనే ఉంది. గొంతునీ వాయిద్యాలనీ సరిపాళ్ళలో కలిపి దాన్ని మిక్స్ చేసింది ఆమె. అందులో డ్రమ్స్ వాయించింది ఆమె అన్నయ్య.

మొదటి ఆల్బమ్ రికార్డింగు మొదటి రోజే ఇద్దరికీ గొడవైంది. "మీరు పాడుతున్నారా, పక్కవీధిలో ఎవరినైనా పిలుస్తున్నారా?" అని ఆమె అడిగింది. "మేడమ్‌కి వినపడాలి కదండీ," అన్నాడతను. ఆ రోజు నుంచి ఆమెకి అతను 'అరుపు', అతనికి ఆమె 'మేడమ్'. డ్రమ్స్ వెనక నుంచి అన్నయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వుకునేవాడు.

ఒకరోజు వాన పట్టుకుంది. స్టూడియో మెట్ల మీద ఇద్దరూ గంటసేపు కూర్చున్నారు. ఆమె సంచిలో గొడుగుంది. ఉందని ఆమెకి తెలుసు, దాని పిడి బయటికి కనబడుతోంది కాబట్టి అతనికీ తెలుసు. ఇద్దరిలో ఎవరూ ఆ ఊసెత్తలేదు. అతను ఏదో చెప్పబోయి మూడోసారి గొంతు సవరించుకుంటుండగా అన్నయ్య వెనక నుంచి వచ్చి, "గొడుగు పెట్టుకుని తడవడానికి భయపడతారేంటి?" అన్నాడు. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది.

తర్వాత అన్నయ్య గుండెకి జబ్బని తేలింది. "డ్రమ్స్ మాట మర్చిపోండి. మెల్లగా నడవండి, చాలు," అన్నాడు డాక్టరు. స్టిక్స్ ముట్టనని అమ్మ చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు అన్నయ్య. ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం మూడింటికి వాకింగ్‌కి వెళ్ళేవాడు. అలా నలభై రోజులు నడిచి, నలభై ఒకటో రోజు పొద్దున నిద్ర లేవలేదు.

ఆ నలభై రోజుల్లో ఆ గాయకుడు ఒక్కసారి కూడా వాళ్ళ గుమ్మం తొక్కలేదు. రెండో ఆల్బమ్ మిక్స్ చెయ్యడానికి ఆమెని పిలవలేదు. పోయిన వారం ఆ ఆల్బమ్ బయటికొచ్చింది. పది పాటలు, ఒక్కదాంట్లోనూ డ్రమ్స్ లేవు. అన్నయ్యని చేత్తో తుడిచేసినట్టనిపించి, మొదటి పాట సగంలోనే కట్టేసింది.

ఆమె ఒక్కతే కాదు, ఊరంతా మండిపడుతోంది. ఇప్పుడు లైవ్‌లో అతన్ని ఇంటర్వ్యూ చేస్తున్న యాంకర్ ఆ మంటలో నాలుగు పుల్లలు వేసే పనిలో ఉన్నాడు.

"అభిమానులు మీ సీడీలు విరగ్గొట్టి వీడియోలు పెడుతున్నారు. హార్డ్ రాక్‌లో డ్రమ్స్ లేకపోవడమేంటండీ?"

"లేవండి."

"పోనీ అదొక ప్రయోగం అనుకుందాం. పాటల నడక కూడా తప్పుతోంది కదా. మూడో పాట మధ్యలో నీరసపడిపోయి మళ్ళీ లేస్తుంది. ప్రాక్టీసు లేకుండా రికార్డ్ చేశారా?"

"నలభై రోజులు చేశాం. అవి తప్పులు కావండి. ఆ పాటలు అలాగే నడుస్తాయి."

ఆమెకి ఒళ్ళు మండింది. తన మాట అతని హెడ్‌ఫోన్స్‌లో మాత్రమే వినపడే బటన్ నొక్కింది. ఉద్యోగం పోయే పని అది, అయినా నొక్కింది.

"మా అన్నయ్య కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టలేదు, సంతోషం. ఆ కుర్చీనే ఎందుకు తీసేశారు? మనిషి జబ్బున పడ్డాక చూడ్డానికి కూడా రాకూడదా?"

రేడియోలో పదకొండు సెకన్లపాటు ఏమీ వినపడలేదు. యాంకర్ కంగారుగా చేతులు ఊపాడు.

"మాటిచ్చాను," అన్నాడతను చివరికి, అద్దం వైపు చూస్తూ.

"ఎవరికి సార్?" అని యాంకర్ అడిగేలోపే హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పాత స్టూడియో ఓనరు ఫోన్ చేశాడు. "పాత హార్డ్ డిస్కులన్నీ చెరిపేస్తున్నామమ్మా. ఒకదాని మీద మీ అన్నయ్య చేతిరాత ఉంది. చెరపడానికి చెయ్యి రాలేదు. ఒకసారి వచ్చి చూసుకో."

వెళ్ళింది. డిస్కు మీద తెల్ల టేపు, టేపు మీద అన్నయ్య వంకర అక్షరాలతో ఒకటే మాట: వాకింగ్.

తెరిచి చూస్తే పది ఫైళ్ళు. కొత్త ఆల్బమ్‌లోని పది పాటల పేర్లే. మూడోది పెట్టింది. ముందు స్టిక్స్ రెండూ నాలుగుసార్లు తగిలిన చప్పుడు, తర్వాత డ్రమ్స్, డ్రమ్స్ తప్ప ఇంకేమీ లేవు. ఆ చెయ్యి ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు. మూడో నిమిషంలో దెబ్బలు బరువెక్కాయి, వేగం తగ్గింది, మధ్యలో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు కూడా వినపడింది. కాసేపటికి మళ్ళీ పుంజుకుంది.

విడుదలైన పాటని తెచ్చి ఆ డ్రమ్స్ పక్కనే పెట్టి రెండూ కలిపి వింది. మిగతా తొమ్మిదీ అలాగే వింది.

మామూలుగా బ్యాండ్లు చెవిలో గడియారంలా టక్ టక్ కొట్టే క్లిక్ పెట్టుకుని వాయిస్తాయి. వీళ్ళు అది ఆపేసి అన్నయ్య చేతులని పెట్టుకున్నారు. అన్నయ్య ఆయాసపడ్డ చోట గిటార్లు ఆయాసపడ్డాయి. అతను ఆగిన చోట ఆగాయి, లేచిన చోట లేచాయి. పది పాటల్లో వెంట్రుకవాసి తేడా లేదు. ఊరంతా తప్పని తిట్టిన నడక అన్నయ్య నడక. అతని వెంట నడిచి, అన్నీ అయ్యాక అతన్ని ఒక్కణ్ణే తప్పించి పాటలు బయటపెట్టారు.

పదో ఫైలు చివర అన్నయ్యవీ, ఆ గాయకుడివీ మాటలు ఉన్నాయి. మైకులు కట్టెయ్యడం మర్చిపోయినట్టున్నారు.

"ఒరేయ్, ఈ డ్రమ్స్ బయటికి రాకూడదు. అమ్మకి మాటిచ్చి తప్పానని తెలియకూడదు. చెల్లికి అసలే తెలియకూడదు, అది వింటే రెండు నిమిషాల్లో పట్టేస్తుంది."

"సరేలే. ముందు మాత్ర వేసుకో."

"అది సరే గానీ, దానికి చెప్పావా?"

"ఆల్బమ్ అయ్యాక చెప్తా."

"ఎప్పుడవుతుంది?"

"నువ్వు కుదురుగా వాయిస్తే."

అన్నయ్య నవ్వు, ఆ వెంటనే దగ్గు. అక్కడితో ఫైలు అయిపోయింది. ఆమె బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. అన్నయ్య పోయినరోజు కూడా అంత ఏడవలేదు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ దండెం మీది బట్టలు తీస్తోంది. ఎలా చెప్పాలో తెలియక, "అమ్మా, అన్నయ్య వాకింగ్‌కి..." అని ఆగిపోయింది.

"స్టూడియోకి వెళ్ళేవాడు," అంది అమ్మ, దుప్పటి మడతపెడుతూ. "మెల్లగా నడిచొచ్చినవాడి చొక్కా పిండితే నీళ్ళు కారతాయటే? వేళ్ళకి ఆ బొబ్బలేంటి?"

"తెలిసి ఎందుకు ఆపలేదమ్మా?"

"రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకునేదాన్ని. వాడు లోపలికొచ్చేటప్పుడు మొహం వెలిగిపోతూ ఉండేది. అది చూసి నోరు రాలేదు. నీకెలా చెప్పను? నన్నే తిడతావు." అమ్మ దుప్పటి మడత విప్పి మళ్ళీ పెట్టింది. "ఆ అబ్బాయిని భోజనానికి రమ్మను. ఈ బరువు వాడొక్కడే మొయ్యక్కర్లేదని చెప్పు."

ఆమె ఫోన్ చేసి రమ్మంటే, మర్నాడు మధ్యాహ్నం మూడింటికి అతను పాత స్టూడియోకి వచ్చాడు. బయట సన్నగా వాన పడుతోంది. బల్ల మీద డిస్కు చూడగానే గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"డాక్టరు వద్దన్నాక మీరెలా ఒప్పుకున్నారు?" అని అడిగింది ఆమె.

"ఒప్పుకోలేదు. రెండు రోజులు డ్రమ్స్ గది తాళం చెవి దాచేశాను. మూడో రోజు ఇంకో చోటు చూసుకుంటానన్నాడు. అక్కడ ఒంటరిగా ఏమైనా అయితే? అందుకని మాత్రలూ నీళ్ళ సీసా పట్టుకుని పక్కనే స్టూలు మీద కూర్చున్నాను." అతను తల దించుకున్నాడు. "ఇంటికొస్తే అమ్మగారి మొహం చూసి అబద్ధం ఆడలేను. అందుకే రాలేదు. నేనే చంపానేమో అని రోజూ అనిపిస్తుంది."

"నాకూ నిన్నంతా అలాగే అనిపించింది," అందామె. అబద్ధం చెప్పదలుచుకోలేదు. "కోపం పూర్తిగా పోలేదు. ఎప్పుడు పోతుందో కూడా తెలీదు."

"ఉండనివ్వండి."

"అమ్మకి మొదట్నుంచీ తెలుసట. తనూ ఆపలేదట. మిమ్మల్ని భోజనానికి రమ్మంది, ఒక్కరే మొయ్యక్కర్లేదంది."

అతను గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చున్నాడు. ఊరినంతా అదరగొట్టే గొంతున్న మనిషి చప్పుడు లేకుండా ఏడ్చాడు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఆల్బమ్ అయ్యాక నాతో ఏదో చెప్తానన్నారట," అంది చివరికి. "అయ్యి వారం దాటింది."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. "ఎక్కడయిందండీ? డ్రమ్స్ కలపలేదు."

"మాటిచ్చారుగా."

"అమ్మకీ మీకూ తెలియకూడదని ఇచ్చిన మాట. ఇంకెవరున్నారు దాచడానికి?" బల్ల మీది డిస్కు వైపు చూసి, "మిక్స్ చేసే మేడమ్‌కి తీరికుంటే మళ్ళీ బయటపెడదాం. ఈసారి వాడితో సహా," అన్నాడు.

ఆమె లేచి కుర్చీలో కూర్చుంది. మూడో పాట పెట్టి డ్రమ్స్ మీటని మెల్లగా పైకి తోసింది. స్టిక్స్ నాలుగుసార్లు మోగాయి. ఎనిమిది నెలల తర్వాత అన్నయ్య గదిలోకి వచ్చాడు.

"ఇప్పుడు చెప్పండి. మామూలు గొంతుతో."

"మీరంటే నాకు ప్రాణం," అన్నాడతను. పాటలో అరుస్తున్నదీ అతనే, ఆమె చెవి దగ్గర ఇంత మెల్లగా చెబుతున్నదీ అతనే. "గొడుగు రోజు నుంచీ."

"పిడి కనబడుతూనే ఉన్నా గొడుగు అడగలేదు కదా. అప్పుడే తెలిసింది నాకు," అని ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఇంకా ఏదో అనబోతుండగా మూడో నిమిషం వచ్చింది. డ్రమ్స్ బరువెక్కాయి, అన్నయ్య ఊపిరి వినపడింది. ఇద్దరూ మాటలు ఆపి, అన్నయ్య మళ్ళీ అందుకునేదాకా ఎదురుచూశారు.