తొమ్మిదో నంబరు

ఆదివారం మధ్యాహ్నం. గ్వాయకిల్ ఊరు ఊరంతా ఫుట్‌బాల్ ఆటకి ఎగబడింది. రేవు పక్క రొయ్యల కోల్డ్ స్టోరేజీలో ఇద్దరే మిగిలారు. కంప్యూటర్లు చూసే ఎలాదియో, గేటు కాపలా ఫిలోమెనా, అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే పెద్దావిడ.

నాలుగో గదిలో చిక్కుకున్నవాళ్ళు లోపలి మీట నొక్కితే బయట గంట మోగించే ప్రోగ్రాం ఎంతకీ చావడం లేదు. సరుకు లెక్కలకి అడ్డంపడింది, అది పక్కకి తప్పుకుంటే గానీ రేపు ఓడకి సరుకు కదలదు. ఎలాదియో తొమ్మిదో నంబరు కొట్టాడు. ఆ కంప్యూటర్లని నడిపే యూనిక్స్‌లో దానికి మించిన ఉత్తర్వు లేదు, ఎంత మొండి ప్రోగ్రామైనా ఆ దెబ్బకి గుటుక్కుమనాల్సిందే. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ... ఉలుకూ పలుకూ లేదు.

"చచ్చినవాడి గంటని ఇంకా చంపుతున్నావా, ఇంజినీరూ?" అంది ఫిలోమెనా.

ఆ మాట వాడికి సూదిలా గుచ్చుకుంది. కార్నివాల్ పండగ నాడు ఆ గంట ఆగకుండా మోగుతుంటే, మీట మీద మంచు పేరుకుని ఊరికే మోగుతోందనుకున్నాడు. పీతల విందుకి ఆలస్యమవుతోందని ప్రోగ్రాం నోరు నొక్కేసి పోయాడు. లోపల పెట్టెలు మోసే ఫౌస్తో చిక్కుకుని ఉన్నాడు. పొద్దున తలుపు తీసేసరికి చలికి కొయ్యబారి చచ్చిపడున్నాడు. లోపలి గడియ విరిగిందని తప్పంతా దాని మీదకే నెట్టారు, దాన్ని ఈనాటికీ బాగుచేయలేదు. గంట మోగిన సంగతి ఎలాదియో నోరు విప్పి చెబితే ఒట్టు.

"ఇది మొద్దునిద్రలో ఉంది దోన్యా. లోపలి మీట నుంచి కబురు కోసం కాచుక్కూచుంది. అందాకా దీనికి ఏ దెబ్బా తగలదు. నేను వెళ్ళి మీట నొక్కానా, లేస్తుంది. లేవగానే నేను కొట్టిన దెబ్బలన్నీ ఒక్కసారే పడతాయి."

"మొత్తం ఆపేసి మళ్ళీ వేయరాదూ?"

"చలి మిషన్లు కూడా ఆగి సరుకు కరిగిపోతే ఓనరు నా తోలు వలుస్తాడు."

"నీ ఇష్టం. ఆ గదిలోకి నేను మాత్రం రాను నాయనా." ఆవిడ శిలువ గుర్తు వేసుకుని గేటు దగ్గర తన రేడియో దగ్గరికి పోయింది.

తలుపుకి రొయ్యల పెట్టె అడ్డంపెట్టి ఎలాదియో లోపలికి నడిచాడు. చీకటి. ముక్కుపుటాలు మండించే అమ్మోనియా ఘాటు, దాని అడుగున నీచు కంపు. ఫ్యాన్ల రొద తప్ప వేరే చప్పుడు లేదు. గోడ తడుముకుంటూ పోయి మీట నొక్కాడు. బయట గంట ఒక్కసారి మోగి ఠక్కున ఆగింది.

పీడ విరగడైంది, అనుకున్నాడు.

వెనకాల పెట్టె జరిగిన చప్పుడు... మెల్లగా. ఎవరో ఓపిగ్గా నెడుతున్నట్టు...

తలుపు పడింది.

పరిగెత్తాడు. బాదాడు. గొంతు పగిలేలా అరిచాడు. జానెడు మందం తలుపు అది, కేక దాటితే కదా. ఫోను ఆ గోడల మధ్య పలకదు. మళ్ళీ మీట దగ్గరికి ఉరికాడు. నొక్కాడు. నొక్కాడు... గంట మోగలేదు. మోగించేదాన్ని వాడే చేతులారా చంపుకున్నాడు.

"నొక్కు, ఇంజినీరూ..." చెవి పక్కనే గుసగుస. "నేను తెల్లార్లూ నొక్కాను."

"ఫౌస్తో... తప్పయిపోయిందిరా... తలుపు తియ్యి..."

 ఫ్యాన్ల రొద ఆగిపోయింది. చీకట్లో మళ్ళీ మీట కోసం తడిమాడు.

దాని మీద అప్పటికే ఒక వేలు ఉంది. ఇప్పుడు వాడి వేళ్ళ కన్నా అదే వెచ్చగా ఉంది.