ఎర్ర కారులో చిన్న పాదం

ఆ గురువారం ఉదయం చినాత్సు చేసిన గుడ్డట్టు చుట్ట మొదటిసారి విరగకుండా వచ్చింది. ఆ సంబరంలో దాన్ని ముక్కలుగా కోసి, అందంగా ఉన్నవన్నీ భర్త డబ్బాలో సర్ది, వంకర కొసలు తను నోట్లో వేసుకుంది. పెళ్ళయి మూడు నెలలు. ఆమెకి ఇంకా అన్నీ పండుగలాగే ఉన్నాయి. గుమ్మంలో అతని పెద్ద బూట్ల పక్కన తన బూట్లుండడం పండుగ. అతను గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చెయ్యూపడం పండుగ. చివరికి అకాగీ కొండ మీంచి దూసుకొచ్చి, ఆరేసిన బట్టల్ని దండేనికి చుట్టిపడేసే గాలి కూడా ముద్దుగానే ఉంది.

షూహే పనికి తెల్ల కారులో వెళ్తాడు. రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు మాత్రం రేకుల షెడ్డులోనే ఉంటుంది. అది రెండేళ్ళ కిందట పోయిన మామగారిది. ఎవరెక్కినా బూట్లు విప్పి ఎక్కాలన్నది ఆయన పెట్టిన నియమం. ఆయన పోయినా నియమం పోలేదు.

గుడి నుంచి తెచ్చిన ప్రయాణ రక్ష ఒకటి ఆ కారులో కట్టి భర్తని ఆశ్చర్యపరుద్దామని చినాత్సు షెడ్డులోకి వెళ్ళింది. బూట్లు విప్పి డ్రైవరు సీట్లో కూర్చోబోయింది. మోకాళ్ళు స్టీరింగుకి ఠక్కున తగిలాయి.

సీటు ఆ చివరికంటా ముందుకి జరిపి ఉంది. ఆరడుగుల షూహే అందులో ఎలా పడతాడు?

అరికాలికి ఏదో చల్లగా తగిలింది. వంగి చూస్తే, బ్రేకు మీద నల్ల రబ్బరు బదులు వెండిలా మెరిసే అల్యూమినియం పలక. యాక్సిలరేటరు మీదా అలాంటిదే. క్లచ్చికి మాత్రం పాత రబ్బరే ఉంది. సీటు వెనక గుడ్డ సంచిలో ఒక జత పలచటి తెల్ల బూట్లు, ఆడవాళ్ళవి. అడుగున మట్టి మరక కూడా లేదు. వాటి కింద కాగితం. దాని మీద పెన్సిలుతో గీసిన పాదం, పక్కన షూహే చేతిరాత: ‘22.5 సెం.మీ. బొటనవేలి దగ్గర ఇంకా పైకి రావాలి.’

చినాత్సు పాదం ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు.

రక్ష ఆమె గుప్పిట్లోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఏమీ ఎరగనట్టు అడిగింది. "ఎర్ర కారుకి కొత్త పెడళ్ళు వేశావా?"

షూహే నోట్లో ముద్ద ఆగింది. "ఆఁ... పాతవి అరిగిపోయాయి. జారుతున్నాయి."

"నీకా?"

"మరెవరికి?" అని వాళ్ళమ్మ వైపు చూశాడు.

అత్తగారు ఫుసాయె గబగబా ముల్లంగి ఊరగాయ గిన్నె కోడలి ముందుకి తోసింది. "తిను అమ్మాయ్. ఈసారి బాగా ఊరింది."

డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. ఒకప్పుడు నేత కార్ఖానాలో పది మంది మగవాళ్ళని అదిలించిందంటారు. అలాంటామె తన కళ్ళలోకి చూడలేకపోవడం చినాత్సుకి గుచ్చుకుంది. అంటే అత్తయ్యకి తెలుసు! తెలిసీ కొడుకుని కాస్తోంది!

శుక్రవారం వంటింట్లో ఇద్దరూ గుసగుసలాడుతూ, ఆమె రాగానే వాతావరణం గురించి ఎత్తుకున్నారు. శనివారం పక్కింటి ఇషిజుకా పెద్దాయన గోడ మీంచి, "ఆదివారం ఆదివారం మీ ఎర్ర కారు ఏటి ఒడ్డు మైదానంలో కనిపిస్తోందే! కొత్త జంట షికార్లా?" అని నవ్వాడు. చినాత్సు కూడా నవ్వింది. ఆదివారాలు అత్తయ్య గుడికని వెళ్తే, షూహే కారు కడిగించుకొస్తానని వెళ్తాడు. తను ఆ మైదానం మొహమే చూడలేదు.

ఆదివారం పొద్దున ఇక ఆపుకోలేక, ఊరి అవతల ఉండే ఆడపడుచు మిచియోకి ఫోన్ చేసి ఏడ్చేసింది.

"చిన్న పాదాలా? వాడు పెడళ్ళు కూడా మార్చాడా? ఉండు, వచ్చేస్తున్నా," అంది మిచియో. "వాడి చెవులు మెలిపెడితే నిజం అదే బయటికొస్తుంది."

ఫోన్ పెట్టేసరికి షెడ్డులోంచి ఇనుము మీద ఇనుము రాసిన చప్పుడు. బూట్ల సంచీ, కాగితం పట్టుకుని చినాత్సు నడిచింది.

షూహే కారులో తలకిందులుగా ఉన్నాడు. తల పెడళ్ళ దగ్గర, నడుం సీటు అంచున, కాళ్ళు తలుపు బయట. బూడిదరంగు మేజోళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమె ఆ మేజోళ్ళతోనే మాట్లాడింది.

"ఎవరామె?"

లోపల పానా కిందపడింది. "చినాత్సూ? ఒక్క నిమిషం, క్లచ్చి బోల్టు సగంలో ఉంది..."

"బోల్టు సంగతి తర్వాత. ఈ బూట్లెవరివి? ఎవరి పాదం నువ్వు కూర్చోబెట్టి గీశావు? నా పాదం సైజు నీకు తెలుసా అసలు?"

"ఇరవై నాలుగున్నర," అన్నాయి మేజోళ్ళు దీనంగా.

"తెలిసే చేశావన్నమాట!"

లేవబోయిన షూహే తల స్టీరింగు కింద ఠంగుమంది. "అబ్బా! నేను మాటిచ్చాను. చెప్పకూడదు."

"పెళ్ళాం కంటే పెద్ద మాటా? అయితే మా పుట్టింటికి ఫోన్ చేస్తాను. ఈ మాట అక్కడ చెప్పుకో."

"చెయ్యకమ్మా," అంది వెనక నుంచి ఒక గొంతు.

ఫుసాయె వచ్చి నిలబడింది. కోడలి చేతిలోంచి కాగితం తీసుకుని నేల మీద పరిచింది. చెప్పు విప్పి, మేజోడు పాదాన్ని ఆ గీత లోపల పెట్టింది. ఎక్కడా వెంట్రుకంత తేడా లేదు.



"వచ్చే వారం నా పుట్టినరోజు. వయసు మీద పడింది కదా, ఆ రోజు డ్రైవింగు లైసెన్సు తిరిగిచ్చేస్తానని మిచియోకి మాటిచ్చాను. ఇచ్చేస్తాను, అది న్యాయమే," అంది ఫుసాయె. "కాకపోతే ఈ కారు మీ మామగారు ముప్పై ఏళ్ళు నడిపారు. నేను పక్క సీట్లో, బూట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కార్ఖానా లారీ నడిపినదాన్ని! ఒక్కసారి ఇవ్వండంటే, ‘నీ పాదాలు చిన్నవే, పెడళ్ళు అందవు’ అనేవారు."

"నాన్న మాట నిజమే," అన్నాడు లోపల్నుంచి షూహే. "అందలేదు. అందుకే ఎత్తుగా ఉండే పలకలు తెచ్చి బిగించాను. తీరా ఈవిడ, ‘మీ నాన్న కారులో బూట్లా?’ అని మేజోళ్ళతోనే తొక్కింది. సర్రున జారింది. కొత్త బూట్లు కొనిచ్చినా వేసుకోదు."

"కొత్తవైనా బూట్లు బూట్లే కదరా."

"మరి నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?" అంది చినాత్సు. "నాలుగు రోజులుగా అన్నం సయించలేదు నాకు."

ఫుసాయె తల దించుకుంది. "నువ్వు రోజూ మిచియోతో మాట్లాడతావు. నీ నోట జారితే అది తాళం లాక్కుపోతుందని భయపడ్డాను. ఇంటికొచ్చిన పిల్లని నేనే అనుమానించాను. తప్పు నాదే అమ్మా."

చినాత్సు ముఖం ఎర్రబడింది. "అనుమానం సరైనదే అత్తయ్యా. ఇందాకే వదినకి ఫోన్ చేశాను. వచ్చేస్తోంది."

ఫుసాయె భుజాలు జారిపోయాయి. "పోనీలే. ఏటి ఒడ్డున మూడు వారాలు తిప్పాను. అదే చాలనుకుంటాను."

ఆ ‘చాలు’ విని చినాత్సుకి కళ్ళు నిండాయి. ముప్పై ఏళ్ళుగా ఈవిడ ఈ మాటే చెప్పుకుంటూ ఉంటుంది. చటుక్కున మోకాళ్ళ మీద కూర్చుని, తెల్ల బూట్లు తీసి అత్తగారి పాదాలకి తొడిగింది.

"షూహే, ఆ బోల్టుకి ఎంతసేపు?"

"రెండు నిమిషాలు. చేత్తో నొక్కి చూడ్డానికి ఇంకొకటి."

"వదిన రావడానికి పావుగంట. అత్తయ్యా, కొండ మీది చెరువు దాకా దారి తెలుసా మీకు?"

"కళ్ళు మూసుకుని వెళ్తాను."

"తెరుచుకునే వెళ్దాం. పక్క సీట్లో నేను కూర్చుంటాను."

"మరి నేనో?" షూహే నుదుటి బొప్పి తడుముకుంటూ బయటికొచ్చాడు.

"మీ అక్కకి టీ పెట్టు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

గేటు దగ్గర ఒకసారి ఇంజను ఆగింది. ఇషిజుకా పెద్దాయన గోడ మీంచి నోరు తెరిచి చూస్తుండగా ఫుసాయె పళ్ళు బిగించి మళ్ళీ క్లచ్చి తొక్కింది. పాదం జారలేదు. కారు మెత్తగా రోడ్డెక్కింది.

పెద్ద రోడ్డు ఎర్ర సిగ్నలు దగ్గర ఆగాక చినాత్సు పక్కకి చూసింది. ఫుసాయె చెంపల మీద నీళ్ళు.

"అత్తయ్యా, కాసేపు పక్కకి తీసి ఆపుదామా?"

ఫుసాయె చొక్కా చేతితో కళ్ళు గట్టిగా తుడుచుకుంది.

"ఆపడమా? ముప్పై ఏళ్ళు ఆగాను, చాలదూ?"

పచ్చ దీపం వెలిగింది.