జిగురు కోట

డాక్టర్ పాల్ రాజు శవం మైలవరం రిజర్వాయర్‌లో తేలింది. మెడ మీద సన్నని సూది గుర్తు.

కడపలో ఇంటెలిజెన్స్ చీఫ్ జాహ్నవి తన ఏజెంట్ మొయిన్‌కు బ్రీఫింగ్ ఇచ్చింది.

"కుళ్ళిన పుండులో బ్యాక్టీరియా జిగురు కోట కట్టుకుంటుంది. దాని పేరు బయోఫిల్మ్. మామూలు మందు దాన్ని దాటలేదు. పాల్ రాజు నానోకణాలు ఆ జిగురులోని సందుల్లో దూరి మందును లోపలికి మోస్తాయి. కణాల మీది పూత వల్లే అది సాధ్యం. పూత లేకపోతే పైనే అతుక్కుపోతాయి."

"ఆయన్ను చంపిన ముఠా ప్లాన్?"

"జమ్మలమడుగు ఆస్పత్రి ట్రయల్‌లో పూత లేనివి ఎక్కించడం. ట్రయల్ ఫెయిలైతే ఫార్ములా చవగ్గా వస్తుంది. పేషెంట్ చనిపోతే ఇంకా చవక."

ముఠాలో జాహ్నవి మనిషి ఒకరున్నారు. ప్రొద్దుటూరు మెడికల్ రెప్ అఫ్సానా. అందగత్తె. అబద్ధం చెప్పినా కన్ను ఆర్పదు.

మొయిన్ ఏసీ మెకానిక్ వేషంలో వార్డుకు చేరేసరికి అఫ్సానా మందు సీసా వార్డు డాక్టర్‌కు ఇచ్చేసింది. మంచం మీద ట్రయల్ పేషెంట్ గుల్జార్‌బీ. కాలి మీది షుగర్ పుండు ఎముక దాకా పోయింది.

"గండి బస్సు పోయిందా?" మొయిన్ కోడ్ అడిగాడు.

అంతా సవ్యంగా ఉంటే 'పంచరయింది' అనాలి.

"పోయింది," అందామె.

డాక్టర్ సిరంజి నింపుకొని ట్రేలో పెట్టిన సీసా లాక్కుని, టూల్ బాక్స్‌లోంచి జిగురు పూసిన గాజుపలక తీశాడు. ఒక చుక్క వేసి నీలికాంతి పెన్ వెలిగించాడు. కణాలు మెరిశాయి. లోపలికి ఇంకలేదు. నీళ్ళ మీద నూనెలా పైనే నిలిచాయి.

అప్పటికే సూది మొన గుల్జార్‌బీ చర్మాన్ని తాకింది.

"డాక్టర్, ఆపండి." మొయిన్ అఫ్సానా వైపు తిరిగాడు. "అసలుది యాడ?"

"దుబాయ్‌లో నా తమ్ముడు ఫరూఖ్ వాళ్ళ చేతిలో ఉండాడు. ఈడ పని కాకపోతే వాణ్ణి బతకనీరు."

"ఈ ముసలామె సచ్చిపోతాది, అఫ్సానా."

అఫ్సానా గుల్జార్‌బీ కాలు వైపు చూసింది. తర్వాత తన మందుల ఐస్ బాక్స్ అడుగున దాచిన అర తెరిచి ఇంకో సీసా తీసింది.

"పారేయమన్నారు. చేతులు రాలేదు."

ఈసారి చుక్క వేయగానే వెలుగు జిగురు అడుగుదాకా దిగిపోయింది. డాక్టర్ కొత్త సిరంజి అందుకున్నాడు.

పులివెందులలో ముఠా నాయకుణ్ణి పట్టుకున్నట్టు జాహ్నవి మెసేజ్ పెట్టింది. మొయిన్ కబురు అందుకున్న దుబాయ్ పోలీసులు మాత్రం ఫరూఖ్ గదికి ఆలస్యంగా చేరారు. వరండాలో అఫ్సానా ఫోన్ మోగింది. విని, చెవి దగ్గర్నుంచి దించకుండా అట్లాగే కూర్చుండిపోయింది.

లోపల గుల్జార్‌బీ డాక్టర్ మీద విసుక్కుంటోంది.

"ఒక్క సూదికి ఇంతసేపా అప్పా? ఈ కాలేసుకొని నేను యాడికన్నా పారిపోతాననుకుంటిరా?"